సరీసృపాలను, ఉభయచరాలను తరలించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

చేరవలసిన చోట గూడును ఒక రోజు ముందే సిద్ధం చేసి, అందులో వెచ్చని మూల, చల్లని మూల, దాక్కునే చోటు ఉన్నాయో లేదో థర్మామీటరుతో సహా సరిచూసుకోవాలి.

పాముకు కనీసం మూడు నాలుగు రోజుల ముందే మేత ఆపాలి. లేకపోతే కుదుపులకు బెదిరి మింగినదాన్ని కక్కేస్తుంది. గుడ్డ సంచి లోపల దారాలు వేలాడితే అవి పళ్ళకు, పొలుసులకు చిక్కుకుంటాయి కనుక, కుట్టు బయటికి వచ్చేలా తిరగేసి, పామును ఉంచాక మూతి ముడివేసి, గాలి రంధ్రాలున్న గట్టి పెట్టెలో పెట్టాలి. సంచికి ఒక్క ప్రాణే.

కప్పల విషయంలో ఇంకా శ్రద్ధ అవసరం. అవి చర్మంతోనే నీటిని పీల్చుకుంటాయి, కొంతవరకు శ్వాసిస్తాయి కూడా. అందువల్ల మన చేతికి అంటిన సబ్బు, లోషను, కుళాయి నీటిలోని క్లోరిన్ వాటికి నేరుగా హాని చేస్తాయి. క్లోరిన్ తొలగించిన నీటితో తడిపిన, పౌడరు లేని చేతి తొడుగులతోనే వాటిని పట్టుకోవాలి. పెట్టె అడుగున పరిచే నాచును ముందు పిండి చూడండి: రెండు మూడు చుక్కలు రాలితే చాలు, ధార కడితే తడి ఎక్కువైనట్టే.

తాబేలును వెల్లకిలా ఉంచకూడదు.

ఆగి ఉన్న కారులో, ఎండలో, ఏ ప్రాణినీ కొద్ది నిమిషాలైనా వదలవద్దని వేడుకుంటున్నాను. ఈ ప్రాణుల నుంచి సాల్మొనెల్లా అనే బాక్టీరియా మనకు సోకే ప్రమాదం ఉంది కాబట్టి, పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.