చలికాలంలో పసివాడికి స్నానం చేయించే ముందు

వాడి బట్టలు విప్పకముందే అన్నీ సిద్ధంగా ఉండాలి. విప్పాక వెతుక్కుంటే వాడు వణుకుతూ నిలబడతాడు, మనం తువ్వాలు కోసం గదులన్నీ తిరుగుతాం.

• తువ్వాలు, డైపర్, బట్టలు చేతికందేంత దూరంలో ఉంచండి. చొక్కా గుండీలు ముందే విప్పి పెట్టుకుంటే సగం ఏడుపు తప్పుతుంది.

• చల్లగాలి రాకుండా కిటికీలు మూయండి. బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే మాత్రం మూయొద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. నీళ్లు ముందే పట్టుకుని, గీజర్ ఆపేసి, బాగా గాలి ఆడాకే పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్లండి.

• తొట్టిలో ముందు చన్నీళ్లు, తర్వాతే వేణ్నీళ్లు. అడుగుదాకా కలిపి మోచేత్తో చూడండి. పనులు చేసి చేసి మొద్దుబారిన అరచేతిని నమ్మకండి. థర్మామీటర్ ఉంటే 37–38 డిగ్రీల సెల్సియస్ చాలు.

• బకెట్‌లో హీటర్ రాడ్ ఉన్నంతసేపు పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ప్లగ్ పీకేదాకా మీరూ నీళ్లు ముట్టుకోవద్దు.

• ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. మోగినా, తలుపు కొట్టినా వాణ్ణి ఒక్క క్షణం కూడా వదలొద్దు. ప్రమాదానికి రెండంగుళాల నీళ్లు చాలు.

• 5–10 నిమిషాల్లో ముగించండి. రుద్దకుండా తడి అద్ది, ఒంటికి కాస్త చెమ్మ ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. మెడ మడతల్లో, చెవుల వెనక తడి మిగిలిపోతుంది, చూసుకోండి.

అన్నట్టు, రోజూ స్నానం చేయించి తీరాలనేం లేదు. చలి మరీ ఎక్కువగా ఉన్నరోజు గోరువెచ్చని గుడ్డతో తుడిచినా సరిపోతుంది.