అడవి, కొండ, ద్రాక్షతోట: నడకకు బయల్దేరే ముందు

ముందు బూట్లు. కొత్తవి వేసుకుని వెళ్లొద్దు, వారం పాటు ఇంటి దగ్గరే తిరిగి కాలికి అలవాటు చేయండి. మడమ మీద బొబ్బ లేస్తే ఎంత అందమైన దారైనా కంటికి ఆనదు.

దూరం ఒక్కటే చూసి టైము లెక్కేయకండి. చదునులో గంటకు 5 కిలోమీటర్లు నడిచేవాళ్లకైనా ప్రతి 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఇంకో గంట కలపాలి.

అడవి గడ్డిలో పిడుదులు కాచుకుని ఉంటాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి. తిరిగొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో వెతకండి. పట్టుకుని ఉంటే సన్నమూతి పట్టకారును చర్మానికి ఆనించి నిదానంగా పైకి లాగాలి, నలపకూడదు.

ద్రాక్షాకుల మీద నీలపు మరకలుంటే మందు కొట్టారని అర్థం. గుత్తి ఎంత ఊరించినా ముట్టొద్దు. అయినా తోట మనది కాదుగా!

నీళ్లు, ఫోన్లో ముందే దింపుకున్న మ్యాపు సరేసరి. ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి.