మద్ది బెరడు సారం పరీక్ష: జోన్ రాకపోయినా, వచ్చినా చూడాల్సినవి

సమస్య: వెల్ చుట్టూ జోన్ రాలేదు

తెల్లమద్ది బెరడు సారం బాక్టీరియాను ఆపుతుందా అని చూడటానికి, బాక్టీరియా పరిచిన అగర్ (జెల్లీలాంటి పోషక మీడియం) ప్లేటులో చిన్న గుంట (వెల్) చేసి సారం వేస్తాం. పని చేస్తే గుంట చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయం (జోన్) వస్తుంది. కానీ ఒక్కోసారి మర్నాడు ప్లేటు తీస్తే ఏమీ ఉండదు. చాలామంది వెంటనే "పని చేయదు" అని రాసేస్తారు. దయచేసి తొందరపడకండి. ముందు పక్కనున్న యాంటీబయాటిక్ డిస్క్ (పోల్చడానికి పెట్టిన, మందు అద్దిన కాగితం బిళ్ళ) చూడండి. దాని జోన్ కూడా చిన్నదైతే కల్చర్ (పరిచిన బాక్టీరియా ద్రవం) చిక్కగా పడిందేమో, అగర్ మందంగా పోశారేమో. కల్చర్‌ను 0.5 మెక్‌ఫార్లండ్‌కు (ద్రవం మబ్బుదనాన్ని బట్టి బాక్టీరియాను అంచనా వేసే ప్రమాణం; మి.లీ.కు సుమారు 15 కోట్ల బాక్టీరియా), అగర్‌ను 4 మి.మీ. మందానికి సరిచేయండి.

డిస్క్ జోన్ సరిగ్గానే ఉంటే ప్లేటును వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. వెల్ అంచునే ముదురు గోధుమ వలయం కట్టి, రంగు బయటికి పాకకపోతే సారం అగర్‌లోకి సరిగా దిగలేదన్నమాట. మద్ది బెరడు నిండా టానిన్లే (వగరు పదార్థాలు). పెద్ద అణువులు, పైగా మీడియంలోని ప్రోటీన్లను పట్టుకుని అక్కడే పేరుకుపోతాయి. అలాంటప్పుడు బ్రాత్ డైల్యూషన్‌కు (సారాన్ని ద్రవ మీడియంలో, అంటే బ్రాత్‌లో, వరుసగా పలచన చేసి బాక్టీరియా పెరుగుతుందో లేదో చూసే పద్ధతి) మారండి. ఈ.కోలై ఒక్కదాన్నే నమ్ముకోకండి, దాని బయటి పొర చాలా పదార్థాలను లోపలికి రానివ్వదు. ఆ పొర లేని స్టఫైలోకాకస్‌నూ దానితో పాటు పరీక్షించండి.

సమస్య: బ్రాత్ మబ్బుగా ఉంది, ఏదీ తేలడం లేదు

సారం రంగు, అడుగున చేరే మడ్డి కంటిని మోసం చేస్తాయి. రెసజురిన్ అనే నీలి రంగు వేస్తే బతికున్న బాక్టీరియా నీలాన్ని గులాబీగా మారుస్తుంది. అయితే బెరడులోని టానిన్ల వంటి ఫినాలిక్ పదార్థాలే ఆ పని చేసేయవచ్చు. మా ప్లేటులో ఒకసారి బాక్టీరియా వేయని గడులు (బ్రాత్ పోసే ప్లేటులోని చిన్న గుంటలు) కూడా గులాబీ అయ్యాయి. అందుకే బాక్టీరియా లేకుండా సారం, బ్రాత్, రంగు మాత్రమే ఉన్న గడి తప్పనిసరి. అదీ రంగు మారితే ప్రతి గడి నుంచి 10 మైక్రోలీటర్లు తాజా అగర్ మీద చుక్కలుగా పెట్టండి. మర్నాడు చుక్క మొలవకపోతే బాక్టీరియా చచ్చినట్టే. ఇలా తేలేది చంపే మోతాదు, పెరుగుదలను ఆపే మోతాదు కాదు. రిపోర్టులో ఆ తేడా రాయండి.

సమస్య: సారం లేని వెల్‌కూ జోన్ వచ్చింది

ద్రావకం పనే. మెథనాల్‌తో తీసిన సారాన్ని, బరువు ఇక తగ్గకుండా నిలిచేవరకు ఆరబెట్టాలి. డీఎంఎస్ఓ (సారాన్ని కరిగించే ద్రావకం) సారంలో ఎంత శాతం ఉందో కంట్రోల్‌లోనూ (సారం లేని వెల్) అంతే ఉంచి, కంట్రోల్‌కు జోన్ రాకుండా పోయేవరకు ఆ శాతాన్ని తగ్గించండి.

సమస్య: ఒక్కోసారి ఒక్కో ఫలితం

చెట్టు, కాలం మారితే సారమూ మారుతుంది. ఒకేసారి తెచ్చిన బెరడును నీడలో ఆరబెట్టి, ఒకేసారి పొడి చేసి వాడుకోండి. బూజు పట్టినదైతే పారేయండి. బెరడు తీసేటప్పుడు నిలువుగా చిన్న పట్టీ చాలు. చుట్టూ ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది.