మిర్చి సీజన్ అయ్యాక సముద్రం ఒడ్డున మూడు రోజులు: ఎలా వెళ్లాలి, నీళ్లలోకి ఎలా దిగాలి?

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో పనిచేసేవాళ్లకు మిర్చి సీజన్ మొదలైతే మే దాకా ఊపిరాడదు. తెల్లవారక ముందే బస్తాలు దిగుతాయి, జెండా పాట అనే వేలం, కాంటా తూకం, తక్‌పట్టీలనే అమ్మకం రసీదులు, రాత్రికి లెక్కలు, రోజంతా ఆ ఘాటుకు దగ్గు. ఇదంతా అయ్యాక మూడు రోజులు సముద్రం గాలి తగిలితే గొంతూ మనసూ రెండూ తేలికవుతాయి. నేను ఏటా వెళ్తాను. కానీ మనవాళ్లు ఈ ప్రయాణాన్ని పాడుచేసుకునే తీరు చూస్తే బాధేస్తుంది. పదిమంది ఒకే బండిలో ఇరుక్కుని రాత్రంతా ప్రయాణం చేస్తారు, తెల్లారి నిద్రకళ్లతోనే నీళ్లలోకి దూకుతారు, మధ్యాహ్నం రెండు గుళ్లు చూసి సాయంత్రం మళ్లీ బండెక్కుతారు. ఇంట్లో పడుకున్నా ఇంతకన్నా విశ్రాంతి దొరికేది.

ముందు తేదీ. జూన్ మూడో వారమే సరైనది, మే వద్దు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది, కాబట్టి మేలో తాజా చేప దొరకడం కష్టం. జూన్ మూడో వారానికి పడవలు మళ్లీ కదులుతాయి, బడులు తెరుస్తారు కాబట్టి రద్దీ తగ్గుతుంది. పిల్లలు మూడు రోజులు బడి మానితే ఏం కాదు. కార్తీక పౌర్ణమికి మాత్రం వెళ్లొద్దు, సముద్ర స్నానాలకు వచ్చే జనంలో కూర్చోవడానికి చోటుండదు.

చోటు బాపట్ల దగ్గరి సూర్యలంక. గోవా అంటారు చాలామంది. ఇక్కడి నుంచి పోనురాను ప్రయాణానికే రోజులు కరిగిపోతాయి, పైగా జూన్ నుంచి అక్కడ వానాకాలం, సముద్రంలోకి దిగనివ్వరు. విశాఖ మంచి ఊరే, గోదావరి ఎక్స్‌ప్రెస్ వరంగల్ నుంచి నేరుగా పోతుంది, కానీ అక్కడికి వెళ్లాక కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం, అరకు అంటూ తిరగకుండా మన కాళ్లు ఆగవు. సూర్యలంకలో చూడటానికి సముద్రం తప్ప ఏమీ లేదు, మనకు కావాల్సింది అదే. కృష్ణా ఎక్స్‌ప్రెస్ పొద్దున వరంగల్‌లో ఎక్కితే బాపట్లలో దిగొచ్చు, అక్కడి నుంచి బీచ్ 9 కిలోమీటర్లు, ఆటోలు ఉంటాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే చేసుకోండి. నలుగురికి మించి వెళ్లొద్దు.

సామాను గురించి ఎక్కువ ఆలోచించొద్దు. నూలు బట్టలు, రెండు తువ్వాళ్లు, పాత చెప్పులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, రైల్లోకి సర్వపిండి. అంతే. చెల్లింపుల పని మిగిల్చి వెళ్లొద్దు, రైతుల డబ్బులు తేల్చకుండా వెళ్తే ఫోన్ అక్కడా మోగుతూనే ఉంటుంది.

ఇక అసలు విషయం, నీళ్లలోకి దిగడం. దయచేసి ఇది నెమ్మదిగా చదవండి.

చేరిన రోజు నీళ్లు ముట్టొద్దు. తినండి, పడుకోండి, సాయంత్రం ఇసుకలో కూర్చుని అలల్ని చూడండి. నెలల తరబడి నిద్ర చాలని ఒంటికి అలను తట్టుకునే బలం ఉండదు. ఇంకో కారణం, ఆ గంటసేపు చూస్తేనే సముద్రం ఎక్కడ ఎలా ఉందో తెలుస్తుంది.

మనం ఈత వ్యవసాయ బావిలో నేర్చుకున్నవాళ్లం. పాకాల, లక్నవరం చెరువులు చూశాం, మేడారంలో జంపన్న వాగులో మునిగాం. ఆ ధైర్యం ఇక్కడ పనికిరాదు. బావి నీళ్లు మనల్ని ఎటూ లాగవు. సముద్రంలో అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు తిరిగి లోపలికి పోవడానికి ఒక సన్నటి దారి చేసుకుంటాయి. ఆ దారిలో అల విరగదు, నురగ తక్కువ, నీళ్లు కాస్త ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తాయి. అందుకే పిల్లలున్నవాళ్లు 'ఇక్కడ నెమ్మదిగా ఉంది' అని సరిగ్గా అక్కడే దిగుతారు. ప్రమాదం అక్కడే. పైగా అది నిన్న ఉన్నచోటే ఇవాళ ఉండదు, కింద ఇసుక కదిలితే దారీ మారుతుంది. కాబట్టి రోజూ పొద్దున ఒడ్డున వలలు బాగుచేసుకునే జాలరి అన్నలను అడగండి: 'అన్నా, ఇవాళ ఎక్కడ దిగొచ్చు?' వాళ్లు వద్దంటే వద్దు.

ఒకవేళ లాగేస్తే ఒడ్డు వైపు ఈదొద్దు. ఎంత ఈతగాడైనా ఆ వేగానికి ఎదురీదలేడు, కాసేపట్లోనే చేతులు పడిపోతాయి. ఆ ప్రవాహం మనిషిని కిందికి ముంచదు, లోపలికి మోసుకుపోతుంది, అలలు విరిగే చోటు దాటాక బలం తగ్గుతుంది. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈది బయటపడి, అప్పుడు అలలతో పాటు రావాలి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి అరవండి. చీరాల దగ్గరి వాడరేవులో నన్ను ఇలాగే లాగింది. ఒడ్డు మీంచి ఒకాయన 'పక్కకు కొట్టు, పక్కకు!' అని అరవకపోతే నేను ఎదురీదుతూనే ఉండేవాణ్ని.

ఒకరు కొట్టుకుపోతుంటే ఇంకొకరు వెనక దూకొద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి పోయే ప్రమాదాలు ఎక్కువ భాగం ఇలాగే జరుగుతాయి. పట్టుకుని తేలడానికి ఖాళీ క్యాన్ మూత పెట్టి విసరండి, జాలర్లను పిలవండి, 112కు ఫోన్ చేయండి. మోకాళ్ల లోతు దాటొద్దు. పిల్లల వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి. అలకు వీపు చూపించొద్దు, ఫొటో కోసమైనా సరే. చీర, జీన్స్ తడిస్తే కిందికి గుంజుతాయి, వాటితో దిగొద్దు. మందు తాగినవాణ్ని ఎంత దగ్గరివాడైనా నీళ్ల దగ్గరికి రానివ్వొద్దు. చీకటి పడ్డాక ఎవరూ దిగొద్దు. పోలీసులు బీచ్ మూసేస్తే వాళ్లతో వాదన పెట్టుకోవద్దు, ప్రాణాలకు ప్రమాదం ఉంటేనే మూస్తారు.

మిగతాది తేలిక. పొద్దున అరగంట నీళ్లు, తర్వాత మంచినీళ్లతో స్నానం, చేపల పులుసుతో అన్నం, మధ్యాహ్నం నిద్ర. తిరుగు టికెట్ మాత్రం దుకాణం తెరిచే రోజుకు ఒక రోజు ముందే ఇంట్లో ఉండేలా తీసుకోండి, ఇసుక బట్టలు ఉతుక్కోవడానికే సగం పూట పడుతుంది.