తుపాకీ స్టాక్ పని – 4వ పాఠం: రికాయిల్ ప్యాడ్‌ను చెక్కతో కలిపేయడం

స్టాక్ అంటే భుజానికి ఆనించే తుపాకీ చెక్క భాగం, మడమ అంటే దాని వెనుక కొస. పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తన్ను భుజానికి మెత్తగా తగిలేలా ఆ కొసకు బిగించే రబ్బరు దిండే రికాయిల్ ప్యాడ్. కిందటి పాఠంలో ట్రిగ్గర్ నుంచి మడమ దాకా పొడవు కొలిచి, మిగులు చెక్కను కోసేశాం. ఆ లెక్క ఇంకొక్కసారి సరిచూసుకోండి. ప్యాడ్ అరగదీశాక పొడవు మార్చాలంటే పని మళ్లీ మొదటికొస్తుంది. ఉదాహరణకు పాత ప్లాస్టిక్ పలకతో కలిపి పొడవు 362 మి.మీ., అందులో పలక మందం 6 మి.మీ. అనుకుందాం. ఉత్త చెక్క 356 అన్నమాట. చివరికి కావలసిన పొడవు అదే 362, కొత్త ప్యాడ్ మందం 25 అయితే చెక్క 337 దగ్గర ఆగాలి. కోయవలసింది 19 మి.మీ. ప్యాడ్ మందం అంటే రబ్బరు, దాని అడుగున ఉన్న గట్టి పలక, రెండూ కలిపి. ప్యాకెట్ మీది అంకెతో సరిపెట్టుకోకుండా కాలిపర్స్ పెట్టి కొలవండి.

పనికి కూర్చునే ముందు, ప్రతిసారీ, మినహాయింపు లేకుండా చేయవలసిన పని ఒకటుంది. తుపాకీ ఖాళీగా ఉందని చాంబర్‌లోకి (తూటా కూర్చునే అరలోకి) కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. మీరు పనిచేసే గదిలోనే తూటాలు ఉండకూడదు. తర్వాత స్టాక్‌ను యాక్షన్ (తూటాను ఎక్కించి పేల్చే యంత్ర భాగం) నుంచి విడదీయండి. ఈ పాఠంలో బల్ల మీద ఉండేది స్టాక్ ఒక్కటే.

ఇక్కడ చెప్పేదంతా చెక్క స్టాక్ గురించి. ప్లాస్టిక్ స్టాక్ లోపల గుల్ల. దాన్ని కోస్తే స్క్రూ పట్టుకోవడానికి ఏమీ మిగలదు. దానికి ఆ మోడల్ కోసమే తయారైన ప్యాడ్ తీసుకోవడం మేలు.

కోత మొహం చదును

ప్యాడ్‌కీ చెక్కకీ మధ్య సందు కనిపించిందంటే తప్పు దాదాపు ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది. రంపం ఎంత సన్నపళ్లదైనా కోత మొహం పూర్తి చదునుగా రాదు. మందపాటి గాజు పలక మీద 120 నంబర్ గరుకు కాగితం అతికించి, స్టాక్‌ను నిటారుగా పట్టుకుని, ఒకే దిశలో లాగండి. ముందుకీ వెనక్కీ రుద్దితే చేతులు ఊగుతాయి, మొహం అంచుల దగ్గర గుండ్రబడుతుంది. మొహమంతా పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి లాగితే ఎక్కడ ఎత్తుందో అవే చెబుతాయి. గీతలన్నీ ఒకేసారి చెరిగిపోయాయంటే మొహం చదునైనట్టే. అప్పుడు అంచు చుట్టూ 5 మి.మీ. వదిలేసి, నడిమి భాగాన్ని వెడల్పు ఉలితో కాగితం మందం మేర లోతు చేయండి. ప్యాడ్ అంచుల మీద కూర్చోవాలి, నడుమ మీద కాదు. నడుమ ఎత్తుగా ఉంటే స్క్రూలు ఎంత బిగించినా అంచు తెరుచుకునే ఉంటుంది.

ఇప్పుడు పాత స్క్రూ రంధ్రాలు. కొత్త ప్యాడ్ రంధ్రాల మధ్య దూరం పాతదానితో చాలావరకు కలవదు. మూడు నాలుగు మి.మీ. తేడా వచ్చినప్పుడు డ్రిల్ బిట్ పాత రంధ్రంలోకే జారిపోతుంది, ప్యాడ్ పక్కకు జరిగిపోతుంది. అందుకే పాత రంధ్రాలను 8 మి.మీ. బిట్‌తో పెద్దవి చేసి, గట్టి చెక్క బిరడాలు జిగురుతో దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, మొహానికి సమంగా కోయండి. స్టాక్ మధ్యలోని బోల్టు రంధ్రాన్ని మాత్రం మూయకండి. పంప్, సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో చాలావాటికి స్టాక్ ఊడదీయాలంటే ఆ దారే దిక్కు. ప్యాడ్‌ను జిగురుతో అంటించకూడదనేది కూడా ఇందుకే.

ప్యాడ్‌ను ఎక్కడ కూర్చోబెట్టాలి

మడమ పై మూలను హీల్ అని, కింది మూలను టో అని పిలుద్దాం. ఈ పని బాగుందా లేదా అన్నది తేలేది టో దగ్గరే.

స్టాక్ కింది అంచును పక్కనుంచి చూడండి. పట్టు దగ్గర పైన మొదలై, టో వైపు వాలుతూ కిందికి దిగుతుంది. ప్యాడ్ ఆ అంచుకు కొనసాగింపు కావాలి. అంటే ప్యాడ్ కింది అంచు కూడా వెనక్కి పోయేకొద్దీ ఇంకా కిందికి దిగాలి. అడుగు పలక దగ్గర చెక్కకు సమంగా ఉంటే, వెనుక మొహం దగ్గర అంతకన్నా కిందికి సాగి ఉండాలి. కోత మొహానికి లంబంగా పెట్టిన మూలమట్టంతో పోలిస్తే ఆ వాలు 12 డిగ్రీలు, ప్యాడ్ మందం 25 మి.మీ. అయితే వెనుక అంచు 5 మి.మీ. పైగా దిగాలి. ప్యాడ్‌ను కూర్చోబెట్టేటప్పుడే ఈ 5 మి.మీ. రబ్బరు టో వైపు మిగిలేలా చూసుకోవాలి. లేదంటే అరగదీసేటప్పుడు ఆ వాలు రాబట్టడానికి రబ్బరు చాలదు. కొత్తవాళ్లు పైనా కిందా సమానంగా వదిలి మధ్యలో బిగిస్తారు, టో దగ్గర దొరికిపోతారు. పై వైపు 2 మి.మీ. మిగిలినా చాలు, మిగతాదంతా కిందికే ఇవ్వండి. రెండు పక్కలా కనీసం 2 మి.మీ. చొప్పున బయటికి ఉండాలి.

స్టాక్ కుడికో ఎడమకో కొద్దిగా వంపు తిరిగి ఉంటే, ప్యాడ్ మధ్య గీతను కోత మొహం మధ్య గీతతో కలపండి, బారెల్ గీతతో కాదు.

చోటు కుదిరాక పై రంధ్రం ఒక్కటే గుర్తు పెట్టి వేయండి. బిట్ మందం ఎంత అంటే స్క్రూ మరలు వదిలేసి లోపలి కాండం మందమంత. 10 నంబర్ చెక్క స్క్రూకు, వాల్‌నట్ లాంటి గట్టి చెక్కలో 3.2 మి.మీ. సరిపోతుంది. చెక్క నారల కొసల్లోకి దిగే స్క్రూ పట్టు అసలే తక్కువ. రంధ్రం లావైతే ఆ కాస్తా పోతుంది, సన్నమైతే టో దగ్గరి పలుచని చెక్క చీలుతుంది. స్క్రూ మరలకు కొవ్వొత్తి మైనం రుద్దండి. పై స్క్రూతో ప్యాడ్ పట్టించి, మధ్య గీత మళ్లీ చూసుకుని, అప్పుడు కింది రంధ్రం గుర్తు పెట్టండి. రెండూ ఒకేసారి వేస్తే సర్దుకునే వీలుండదు.

కొన్ని ప్యాడ్‌ల వెనుక మొహం మీద స్క్రూ దారి కనిపించదు. అడుగు పలక రంధ్రంలోంచి సన్నని దబ్బనం నిటారుగా గుచ్చితే రబ్బరు ఎక్కడ ఉబ్బుతుందో అక్కడ కొత్త బ్లేడుతో 5 మి.మీ. చీలిక చాలు. స్క్రూ తలకూ, స్క్రూడ్రైవర్ కాడకూ సబ్బు నీళ్లు పూసి దూర్చండి. కాడ గుండ్రంగా, నున్నగా ఉన్న ఫిలిప్స్ (ప్లస్ గుర్తు మొన) స్క్రూడ్రైవర్ వాడాలి. బల్లపరుపు మొనదైతే దాని మూలలు చీలికను కొరికేస్తాయి, ఆ గాయం ఎప్పటికీ కనిపిస్తుంది. పలక చెక్కను తాకాక పావు చుట్టు మించి తిప్పకండి. ఎక్కువ బిగిస్తే పలక స్క్రూల దగ్గర లోపలికి వంగి, అంచులు పైకి లేస్తాయి.

గీత గీయడం

ప్యాడ్ బిగించి ఉండగానే, బయటికి పొడుచుకొచ్చిన అడుగు పలక మీద చెక్క అంచు వెంట చుట్టూ గీత గీయాలి. దీనికి ముందే పలక అంచు మీద మాస్కింగ్ టేప్ అతికించి ఉంచుకుంటే నలుపు మీద గీత వెతుక్కునే బాధ ఉండదు. గీసే పనిముట్టు మొన ఒక వైపు చదునుగా, రెండో వైపు ఏటవాలుగా ఉండాలి. చదును వైపు చెక్కకు ఆనించి లాగాలి. పెన్సిల్ పనికిరాదు, దాని లోపలి కడ్డీకీ అంచుకీ మధ్య దూరం 3 మి.మీ. పైనే, ఆ మేరకు గీత బయటికి జరుగుతుంది. ఒకే గీత, ఒకే పట్టు. రెండోసారి గీస్తే రెండు గీతలొస్తాయి, తర్వాత ఏది నిజమో తెలియదు.

ఇప్పుడు బెవెల్ గేజ్‌ను (కావలసిన కోణానికి తిప్పి బిగించే కొలత పనిముట్టును) కోత మొహానికీ స్టాక్ కింది అంచుకీ ఆనించి ఆ కోణం తీసి బిగించండి. ప్యాడ్ విప్పి, టో వైపు వాలు ఎటు పోవాలో రబ్బరు మీద సుద్దతో బాణం గుర్తు వేయండి. వాలు తిరగేసి అరగదీస్తే ఆ ప్యాడ్ ఇక పనికిరాదు. ఆ బాణం లేకపోతే అది చాలా తేలిగ్గా జరిగిపోతుంది.

అరగదీయడం

బెల్ట్ లేదా డిస్క్ సాండర్ (గరుకు కాగితాన్ని తిప్పే మెషీన్), ప్యాడ్‌ను కోణంలో పట్టుకునే జిగ్ ఉంటే పని చురుగ్గా సాగుతుంది. జిగ్‌ను బెవెల్ గేజ్ కోణానికి సర్ది ముందు టో, తర్వాత జిగ్ నిటారుగా పెట్టి పక్కలు, చివర హీల్. హీల్ దగ్గర స్టాక్ పై అంచు వాలును అనుసరించండి, అక్కడ ప్యాడ్ వెనక్కి పోయేకొద్దీ కొద్దిగా దిగుతుంది. 80 నంబర్ కొత్త బెల్ట్ వేయండి. అరిగిపోయిన బెల్ట్ రబ్బరును కోయదు, వేడి చేస్తుంది. వేడెక్కిన రబ్బరు జిగటగా మారి బెల్ట్‌కు అంటుకుంటుంది, ఘాటైన వాసన వస్తుంది, ఉపరితలం ముద్దలు కడుతుంది. వాసన రాగానే ఆపి చల్లారనివ్వండి. మరీ మెత్తని ప్యాడ్‌ను కొన్ని గంటలు ఫ్రీజర్‌లో ఉంచి గట్టిపడ్డాక తీసి అరగదీస్తే శుభ్రంగా తెగుతుంది. రబ్బరు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్క్ తప్పనిసరి.

గీతకు అర మిల్లీమీటరు బయటే మెషీన్ పని ఆపేయండి. ఆ చివరి అర మిల్లీమీటరు చేత్తోనే, ప్యాడ్ స్టాక్ మీద ఉండగానే తీయాలి.

అంతకన్నా ముందు కోత మొహానికి పలుచని వార్నిష్ రెండు మూడు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వండి, స్క్రూ రంధ్రాల్లోకి కూడా. తేమ చెక్కలోకి పోయేది ఎక్కువగా నారల కొసల నుంచే. పూత లేకపోతే నల్లటి రబ్బరు ధూళి కూడా ఆ నారల సన్నని రంధ్రాల్లో ఇరుక్కుని అంచు మసిబారుతుంది.

ప్యాడ్ తిరిగి బిగించి, దాన్ని ఆనుకుని చెక్క చుట్టూ మాస్కింగ్ టేప్ మూడు పొరలు చుట్టండి. 200 మి.మీ. పొడవు గట్టి చెక్క దిమ్మ తీసుకుని, దాని వెనుక కొస వైపు 80 మి.మీ. మేర మాత్రమే 120 నంబర్ కాగితం అతికించండి. ముందు భాగానికి అంతే మందం వచ్చేలా నున్నని టేప్ అతికించండి. ఆ ముందు భాగం స్టాక్ మీద జారుతుంది, వెనుక భాగం ప్యాడ్‌ను కోస్తుంది. స్టాక్ గీత ఎటు పోతుందో ప్యాడ్ కూడా అటే పోతుంది, కోణం మీరు ఊహించనక్కర్లేదు. జిగ్ లేనివాళ్లు మొత్తం పని ఇలాగే చేసుకోవచ్చు. ఆలస్యమవుతుంది గానీ ఫలితం తక్కువేమీ కాదు. దిమ్మ టేప్‌ను తాకడం మొదలవగానే ఒక పొర తీయండి. చివరి పొర మీద 220 నంబర్‌కు మారండి.

వేళ్లతో కాగితం నొక్కి రుద్దడం మాత్రం వద్దు. రబ్బరు మెత్తన, పలక గట్టి. వేళ్ల కింద రబ్బరు ముందు అరిగిపోయి పలక గట్టులా పైకి లేస్తుంది. గోటితో చెక్క మీంచి ప్యాడ్ మీదికి, మళ్లీ వెనక్కి గీకి చూడండి. రెండు వైపులా గోరు ఎక్కడా తట్టకపోతే అతుకు కుదిరినట్టు.

చివరగా హీల్ వెనుక అంచును 3–4 మి.మీ. గుండ్రం చేయండి. తుపాకీ భుజానికి ఎత్తేటప్పుడు బట్టకు తగులుకునేది ఆ అంచే. పక్కల అంచులు మాత్రం పదును పోయేంత వరకే. అక్కడ గుండ్రం చేసినకొద్దీ భుజానికి ఆనే వెడల్పు తగ్గుతుంది. ప్యాడ్ తన్నును మాయం చేయదు, దాన్ని ఎక్కువ వెడల్పు మీదికీ కాస్త ఎక్కువ సమయం మీదికీ పంచుతుంది. కాబట్టి ఆ వెడల్పును కాపాడుకోవాలి.

మొదటి 25 తూటాల తర్వాత స్క్రూలు ఒకసారి చూసి, వదులైతే బిగించండి. ప్యాడ్‌కు తుపాకీ నూనె, పెట్రోల్ తగలనివ్వకండి, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. తుపాకీని నెలల తరబడి ప్యాడ్ మీద నిలబెట్టి ఉంచితే మెత్తని ప్యాడ్ ఆకారం చెడుతుంది.

సాధన

వచ్చే పాఠంలో ప్యాడ్‌కూ చెక్కకూ మధ్య సన్నని తెల్ల పలక చేర్చడం నేర్చుకుంటాం. ఈలోగా 40 మి.మీ. మందం చెక్క తుండు ఒకటి తీసుకుని కింది అంచును 12 డిగ్రీల వాలుగా కోయండి. దాని కొసకు పాత రబ్బరు ముక్క ఒకటి, అడుగున ప్లాస్టిక్ పలకతో సహా స్క్రూలతో బిగించండి. గీత గీసి, పొడుగు దిమ్మతో చుట్టూ సమం చేయండి. కొలబద్దను వాలు అంచు వెంట ఆనించి వెలుతురుకు ఎదురుగా చూసినప్పుడు కింద సందు కనిపించకుండా వచ్చేదాకా అసలు స్టాక్ జోలికి వెళ్లకండి.