పడవలో ల్యాప్‌టాప్‌కు ఎలాంటి ఇన్వర్టర్ కొనాలి?

కళింగపట్నం దగ్గర వంశధార మొగలోనో, కోనాడ వద్ద చంపావతి సముద్రంలో కలిసే చోటనో రోజంతా పడవ మీద కొలతలు తీసి, వాటిని అక్కడికక్కడే ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకోవలసిన వారు ముందుగా చూడవలసింది ఇన్వర్టర్ పెట్టె మీది వాట్లను కాదు, తమ అడాప్టర్ వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న అంకెలను. అక్కడ అవుట్‌పుట్ 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటే, రెండింటినీ గుణిస్తే 65 వాట్లు వస్తుంది. అడాప్టర్‌లో కొంత, ఇన్వర్టర్‌లో కొంత వేడి రూపంలో పోతుంది కనుక, 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 7 ఆంపియర్లు లాగుతుందని లెక్క వేసుకోవాలి.

ఈ మాత్రం పనికి 150 వాట్ల ఇన్వర్టర్ చాలు. వెయ్యి వాట్లది కొంటే, ల్యాప్‌టాప్ పెట్టకపోయినా అది తన కోసం తాను బ్యాటరీని తింటూనే ఉంటుంది. దుకాణంలో ఉత్త ఇన్వర్టర్ అని అడిగితే ఇంట్లో కరెంటు పోయినప్పుడు వాడే బరువైన పెట్టెను చూపిస్తారు కాబట్టి, కారులో వాడే ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటులాగే నున్నని అలగా కరెంటు ఇచ్చే) ఇన్వర్టర్ కావాలని విడమరచి చెప్పాలి. ఆ అలను మెట్లు మెట్లుగా ఇచ్చే మాడిఫైడ్ సైన్ వేవ్ రకం చవక. దానితోనూ చాలా అడాప్టర్లు పనిచేస్తాయి గాని, కొన్ని ఎక్కువగా వేడెక్కి గుయ్యిమంటాయి. పడవలో ఉన్నది 24 వోల్టుల వ్యవస్థ అయితే ఇన్వర్టర్ కూడా 24 వోల్టులదే కావాలి.

అసలు చిక్కు బ్యాటరీతోనే. 75 ఆంపియర్-అవర్ (ఆంపియర్లను గంటలతో గుణించిన కొలత) లెడ్ ఆసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోదగినది అనుకుంటే, మనకు దక్కేది అయిదు గంటలు. చాలా ఇన్వర్టర్లు బ్యాటరీ 10.5 వోల్టులకు దిగేదాకా ఆగవు; అంతవరకు పోనిస్తే ఇంజను తిప్పే శక్తి దానిలో మిగలదు. ఒకసారి మధ్యాహ్నం వరకు పని చేసుకుని తాళం తిప్పితే, ఇంజను టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. తెడ్లు వేసుకుంటూ ఒడ్డు చేరేసరికి పొద్దు గుంకింది. హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసే ఇంజనైతే ఈ భయం లేదు. సెల్ఫ్ స్టార్ట్ ఇంజనున్న వారు ల్యాప్‌టాప్‌కు వేరే బ్యాటరీ పెట్టుకోవడమే మేలు.

ఇన్వర్టర్ వైరును బ్యాటరీకి నేరుగా బిగించేటప్పుడు పాజిటివ్ కొసకు దగ్గరలోనే ఫ్యూజు వేయాలి. ఛార్జింగ్‌లో బ్యాటరీ నుంచి సులువుగా అంటుకునే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక బ్యాటరీని, ఇన్వర్టర్‌ను ఒకే మూసిన పెట్టెలో ఉంచరాదు. ఇన్వర్టర్‌ను ఉప్పు తుంపర్లు పడని, గాలి ఆడే ఎత్తైన చోటు చూసి బిగించాలి.

ల్యాప్‌టాప్ టైప్-సి తీగతో ఛార్జ్ అయ్యేదైతే మాత్రం ఇన్వర్టరే కొనవద్దు. 65 వాట్లు ఇచ్చే కారు ఛార్జర్ 12 వోల్టుల నుంచే నేరుగా పని జరుపుతుంది, బ్యాటరీ ఇచ్చే డీసీని ఇంటి కరెంటు లాంటి ఏసీగా, ఆ ఏసీని అడాప్టర్‌లో మళ్లీ డీసీగా మార్చే నష్టం తప్పుతుంది.