ఇంటి పెద్దల జాడ - మూడో పాఠం: ఫొటో కింద రాసిన తేదీ

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. తాతదో నాయనమ్మదో ఫొటో ఇంట్లో ఉంటే దాని కింద ఉన్న తేదీని ఒక కాగితం మీద, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటను ఇంకో కాగితం మీద రాసుకోమన్నాను. రెండూ కలిస్తే సంతోషం. కలవకపోతే కంగారు పడకండి, ఈ పాఠం మీ కోసమే. మా తాత పోయిన తేదీనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఎందుకంటే మామూలుగా వచ్చే చిక్కులు చాలావరకు అందులోనే వచ్చాయి.

మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. నడిమింట్లో దూలం కింద తాత ఫొటో ఉంటుంది. చెక్క ఫ్రేము, ప్లాస్టిక్ పూల దండ, కింద తెల్ల రంగుతో కుంచె పట్టి రాసిన అక్షరాలు: 'స్వర్గస్థులైనది 16-2-1980'. ఆరు అంకె తోక దగ్గర రంగు కొంచెం కిందికి కారి ఆరిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ తేదీనే చూస్తూ పెరిగాను. అది తప్పు కావచ్చన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు.

ఇక్కడ నేర్చుకోవాల్సిన మొదటి విషయం: ఏ తేదీ కనిపించినా 'ఇది ఎప్పుడు రాశారు, ఎవరు చెబితే రాశారు' అని అడగాలి. ఫొటోల మీద, సమాధి రాళ్ల మీద, కర్మ రోజున పంచిన స్టీలు గిన్నెల మీద చెక్కిన పేర్లకు, తేదీలకు అన్నిటికీ ఇదే ప్రశ్న. గిన్నెలు ఆ పది రోజుల్లోనే చెక్కిస్తారు కాబట్టి వాటి మీద తేదీ చాలావరకు సరిగ్గానే ఉంటుంది. ఫొటో సంగతి వేరు. మా తాత ఫొటో కట్టించింది ఆయన పోయిన నాలుగేళ్లకు. టౌనుకు వెళ్లిన చిన్నాయనను స్టూడియోలో తేదీ అడిగితే, గుర్తున్నది చెప్పి వచ్చాడు.

మరి ఆయనకు ఆ తేదీ ఎందుకు గుర్తుంది? దానికి జవాబు మా మేనత్త దగ్గర దొరికింది. "సూర్యగ్రహణం నాడే మీ తాత దినాలొచ్చినయ్. పగలే చీకటైంది. పొయ్యి ముట్టియ్యలే. భోజనాలు తెల్లారి పెట్టినం" అంది.

1980 ఫిబ్రవరి 16న తెలంగాణ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల జపాల్-రంగాపూర్ వేధశాల నుంచి శాస్త్రవేత్తలు దాన్ని గమనించారు. ఊళ్లలో జనం తలుపులు వేసుకుని లోపల కూర్చున్నారు. అంటే ఫొటో మీద ఉన్నది తాత పోయిన తేదీ కాదు, గ్రహణం తేదీ. ఇంటిల్లిపాదికీ కళ్లముందు నిలిచిపోయిన రోజు అదే కాబట్టి, చిన్నాయన నోటికి అదే వచ్చింది.

ఇప్పుడు లెక్క. అత్త చెప్పిన 'దినాలు' అంటే మా ఇంట్లో పదకొండో రోజు. పోయిన రోజును ఒకటిగా పెట్టి లెక్కిస్తారు. పదకొండోది 16వ తేదీ అయితే ఒకటోది 6వ తేదీ. కొన్ని ఇళ్లలో మూడో రోజునే పెద్దగా చేస్తారు, కొన్నిచోట్ల పదమూడో రోజు. మీ ఇంటి ఆచారం ఏదో ముందు కనుక్కోండి. మా లెక్క పక్క ఇంటికే పనికిరాకపోవచ్చు.

ఒక్క సాక్ష్యంతో ఆగకండి, వారం కూడా అడగండి. తేదీ మరిచిపోయినవాళ్లకు కూడా వారం గుర్తుంటుంది, సంత రోజునో శనివారం ఒక్కపొద్దునో పట్టుకుని చెబుతారు. మా అత్త "మంగళారం రాత్రి, కోడి కూయకముందు" అంది. 1980 ఫిబ్రవరి 16 శనివారం. పది రోజులు వెనక్కి వెళ్తే 6వ తేదీ బుధవారం. తేడా వచ్చింది కదా? నిజానికి రాలేదు. మన పల్లెల్లో పొద్దు పొడిస్తేనే రోజు మారుతుంది. కోడి కూయకముందు అంటే అత్తకు ఇంకా మంగళవారమే. ఆఫీసు గడియారానికి మాత్రం అర్ధరాత్రి దాటగానే బుధవారం, 6వ తేదీ. తెల్లవారుజామున పోయినవాళ్లందరి విషయంలోనూ ఈ ఒక్క రోజు తేడా చూసుకోవాలి.

తిథి తెలిసిన ఇళ్లవాళ్లకు ఇంకో దారి ఉంది. మా ఇంట్లో తిథి చూసి తద్దినం పెట్టే ఆచారం లేదు, పెత్రమాస నాడు పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. మీ ఇంట్లో ఉంటే మాత్రం అది బంగారం లాంటి ఆధారం. 'సిద్ధార్థి నామ సంవత్సరం, మాఘ బహుళ పంచమి' అని ఎవరో చెప్పారనుకుందాం. ముందు సంవత్సరం పట్టుకోవాలి. వరసలో మొదటిదైన ప్రభవ 1927లో వచ్చింది, మళ్లీ 1987లో. అరవై పేర్ల వరసలో సిద్ధార్థి యాభై మూడోది. యాభై మూడులోంచి ఒకటి తీసేసి, మిగిలిన యాభై రెండును 1927కి కలిపితే 1979.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 1979 అని రాసుకుని, మరణాల రిజిస్టరులో ఆ ఏడాది ఫిబ్రవరి పేజీలన్నీ తిరగేసి, ఏమీ లేదని వచ్చేస్తారు. సిద్ధార్థి 1979 మార్చి నెలాఖరు ఉగాదితో మొదలై 1980 మార్చి దాకా నడిచింది. ఆ సంవత్సరపు మాఘం వచ్చింది 1980లో. పుష్యం చివర, మాఘం, ఫాల్గుణం అని విన్నప్పుడల్లా ఇంగ్లీషు సంవత్సరానికి ఒకటి కలపాలని గుర్తుపెట్టుకోండి.

నెలలో తేదీ కోసం తెలిసిన పండుగనో అమావాస్యనో పట్టుకోండి. మాఘ అమావాస్య ముందురోజు చతుర్దశి, దానితో వచ్చేదే శివరాత్రి. సూర్యగ్రహణం ఎప్పుడూ అమావాస్య నాడే కాబట్టి 1980 మాఘ అమావాస్య ఫిబ్రవరి 16. పంచమి అమావాస్యకు పది తిథుల ముందు, అంటే 6వ తేదీ దగ్గర. ఉదాహరణకు అనుకున్న ఈ తిథి లెక్క కూడా అత్త మాట చేరిన చోటికే చేరింది. ఒక్కో తిథి ఇరవై నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, సాయంత్రం మొదలై మర్నాటి సాయంత్రం దాకా నడవొచ్చు. అందుకే ఒక్క తేదీ కాకుండా ముందు ఒక రోజు, వెనక ఒక రోజు కలిపి రాసుకోండి.

తర్వాత రిజిస్టరు. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రుసుము కట్టి ఎవరైనా రిజిస్టరులో వెతికించుకోవచ్చు, నకలు అడగొచ్చు. ఇప్పటి మరణాలకు గ్రామ పంచాయతీ, మున్సిపాలిటీ సరిపోతాయి. పల్లెల పాత రిజిస్టర్ల కోసం తహసీల్దారు ఆఫీసులో కూడా అడగండి. 1985లో మండలాలు రాకముందు మీ ఊరు ఏ తాలూకా కింద ఉండేదో తెలుసుకుని వెళ్తే సగం తిరుగుడు తప్పుతుంది.

నేను మొదటిసారి 16వ తేదీ పట్టుకుని వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. రెండోసారి 5, 6, 7 అని రాసుకెళ్లాను. ఫిబ్రవరి పేజీల్లో మళ్లీ లేదు. గుమస్తా పుస్తకం మూయబోతుంటే, మార్చి కూడా చూడమని బతిమాలాను. అక్కడ ఉన్నాడు మా తాత. రిజిస్టరులో పేర్లు ఎక్కేది చనిపోయిన రోజు వరసలో కాదు, ఆఫీసుకు కబురు చేరిన వరసలో. మా ఊరి కబురు నెల దాటాక చేరింది. మరణించిన తేదీ గడిలో మాత్రం 6-2-80 అనే ఉంది. ఇంటిపేరు లేదు. పేరు, తండ్రి పేరు, ఊరు, అంతే. తండ్రి పేరు తెలియకపోతే ఆ వరస మా తాతదని గుర్తుపట్టేవాణ్ణి కాదు. ముత్తాత పేరు రాసుకోకుండా ఆఫీసుకు వెళ్లకండి. నాయనమ్మల కోసం వెతికేవాళ్లు భర్త పేరు కూడా రాసుకోండి, 'ఫలానావారి భార్య' అని రాసి అసలు పేరు వదిలేసిన వరసలు ఉంటాయి.

నకలు చేతికొచ్చాక నాన్న ఏ జబ్బు రాశారని అడిగాడు. ఆయనకు ఆ బాధ ఇన్నేళ్లుగా ఉంది. మరణ కారణం నకలులో ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది. ఇంట్లో ఎవరైనా ఆ మాట కోసమే ఎదురుచూస్తుంటే ముందే చెప్పి ఉంచండి.

పేరు ఎక్కడా లేకపోతే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఏడాది దాటిన మరణాన్ని ఇప్పుడు కొత్తగా ఎక్కించాలంటే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, మన దగ్గర ఆర్డీవో ప్రొసీడింగ్స్ అంటుంటారు. ఆ ఫైలుకు మొదట అడిగే కాగితాల్లో ఈ సర్టిఫికెట్ ఒకటి.

ఈ వారం పని: ఇంట్లో పెద్దవాళ్లను తేదీ అడగకండి. 'ఆ రోజుల్లో ఇంకేం జరిగింది' అని అడగండి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19, దీపావళి వెళ్లిన వారం పది రోజులకు. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4. నెహ్రూ పోయింది 1964 మే 27. ఇలాంటిదేదో ఒకటి వాళ్ల నోట వస్తుంది. దానికి ముందా వెనకా, ఎన్ని రోజులు, ఏ వారం అన్నవి వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

రిజిస్టరులో దొరకనివాళ్ల కోసం వచ్చే పాఠంలో పహాణీలు, అంటే ఊరి భూముల రికార్డులు తిరగేద్దాం. పట్టాదారు గడిలో తాత పేరు పోయి కొడుకుల పేర్లు ఏ ఏడాది వచ్చాయో, విరాసత్ (వారసత్వ) కాగితాల్లో ఏముంటుందో చూద్దాం. మీ సర్వే నంబర్లు దగ్గర పెట్టుకోండి.